ఆకుకాడ రాలాలి

జూన్ 22, ఆదివారం

ఈ పుస్తకం మా అమ్మాయి హెప్సిది. ప్రతి పేజీకి తారీకు అచ్చు వేసి ఉంది. మార్చి ఆఖరుదాకా దాని రాతే. లాంగ్ డే డ్యూటీ, నైట్ డ్యూటీ, ఆఫ్, బ్లడ్ టెస్టు, అమ్మకి బీపీ మాత్రలు. ఆ తరవాత ఖాళీ.

నేను చదివింది ఐదో తరగతి. నాకు రాయాలని కాదు. ఖాళీ పేజీలు చూస్తుంటే ఏదోలా ఉంటోంది.

"రాయండి ఆంటీ, ఎవ్వరు సూడరు" అంది భావన. భావన కరీంనగర్ పిల్ల. ఇక్కడ లీడ్స్‌లో హెప్సితో ఒకే వార్డులో నర్సు, ఒకే ఫ్లాట్లో ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆ ఫ్లాట్లో నేనూ, ఆ పిల్లా.

ఇవాళ కూడా ప్రార్థనకి వెళ్ళలేదు.

జూన్ 24

మొక్క బాగానే ఉంది.

జూన్ 25

మొక్క అంటే హెప్సి గది కిటికీలో, కుండీలో ఉన్న గులాబీ. లేత పసుపు, రేకు అంచున మాత్రం ఎరుపు జీర. వార్డులో ఒక ముసలాయన తగ్గి ఇంటికి పోతూ హెప్సికి ఇచ్చాడట. పేరు రాసిన చీటీ లేదు.

హెప్సికి పూల పిచ్చి లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. ఇచ్చారని ఉంచుకుంది, అంతే.

ఆకులు కొంచెం పండుబారాయి. చలిదేశం కదా. మిగతా అంతా బాగానే ఉంది.

జూన్ 29, ఆదివారం

బాగా లేదు. ఎవరికి అబద్ధం రాసుకుంటున్నాను?

ఇవాళ కుండీ బోర్లించి చూశాను. వేళ్ళు నల్లగా, మెత్తగా, బురద వాసన. నీళ్ళు ఎక్కువై కుళ్ళిపోయాయి. పోసింది నేనే. ఏప్రిల్ తొమ్మిదిన హెప్సి పోయింది. పదో తారీకు నుంచి రోజూ రెండు పూటలా చెంబుతో పోశాను. మా కడియంలో ఏప్రిల్ అంటే అంతే, రెండు పూటలా పొయ్యకపోతే సాయంత్రానికి వాలిపోతాయి. ఇక్కడ ఏప్రిల్‌లో స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని మరీ పోశాను. నాకు చలేస్తోందని తెలిసింది గాని, దానికి చలేస్తుందని తట్టలేదు.

ముప్పై ఏళ్ళు నర్సరీలో పనిచేశాను. మట్టి సంచులు నింపడం దగ్గర మొదలుపెట్టి, గులాబీ అంట్లు కట్టే మేస్త్రీ దాకా వచ్చాను. రోజుకు మూడు వందల అంట్లు కట్టిన చెయ్యి ఇది. పిల్ల ఉంచిన ఒక్క మొక్కని చంపింది.

రెండు కొమ్మల్లో ఇంకా పచ్చ ఉంది. ఒకదాని చివర మొగ్గ.

కుళ్ళింది కోసేసి, పొడి మట్టిలో పెట్టాను. ఈ వేళ్ళతో నెల బతకదు. ఆగస్టు ఎనిమిదిన నా విమానం. ఆరు నెలలే ఉండనిస్తారు.

జూలై 1

ఆయన ఫోన్ చేశారు. ఆయనకి వీసా అందలేదు, కూతురి సమాధి కార్యక్రమం ఫోన్లోనే చూశారు. అప్పటి నుంచి ఫోన్లో నా ముఖం కనిపించగానే ముందు నా వెనకాల ఏముందో చూస్తారు.

"కృపా, అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"మొక్క ఎలా ఉంది?"

"బాగానే ఉందండి."

"వచ్చేటప్పుడు ఓ కొమ్మ పట్రా. మన దగ్గర కట్టుకుందాం."

విమానంలో మొక్కలు రానివ్వరటండి అన్నాను. కాగితాలు కావాలట. ఫోన్లో పక్కింటి కోడి కూత వినిపించింది.

జూలై 3

పోస్టులో ఒక కవరు వచ్చింది. భావన చదివి, సోఫాలో కూలబడింది.

ఇంగ్లీషు తోటలూ, పూల ప్రదర్శన చూపించే బస్సు టూరు. అయిదు రోజులు. గైడు ఉంటుంది. రెండు సీట్లు, హెప్సిబా, కృపమ్మ. క్రిస్మస్‌కి ముందే బుక్ చేసిందట.

క్రిస్మస్‌కి ముందే దానికి తన రక్తంలో జబ్బు సంగతి తెలుసు. మాకు చెప్పింది జనవరి ఆఖర్లో.

"వద్దమ్మా, నేను రాను" అన్నాను. "పూలు చూసే ముఖమా ఇది?"

"మీ ముఖం కోసం కాదు ఆంటీ. అది బుక్ జేసింది. నేను లీవు పెడత, దాని సీట్ల నేను కూసుంట."

"నీకు డ్యూటీ రోటా ఉంది కదా."

"రోటా సంగతి మా వార్డు సిస్టర్‌తోని నేను కొట్లాడుకుంట. మీరు చీరెలు సర్దుకోండ్రి."

సాయంత్రం ఈ పుస్తకంలో జూలై 14 పేజీ తీసి చూశాను. దాని రాత ఉంది. "టూర్ మొదలు. కిటికీ సీటు అమ్మకి."

తరవాతి పేజీలు తిప్పలేదు.

జూలై 12

మొగ్గ విచ్చుకుంటోంది. మిగిలిన ఆకులన్నీ రాలుతున్నా ఇది మాత్రం విచ్చుకుంటోంది. చచ్చిపోయే మొక్క అలాగే పూస్తుంది.

కుండీ వదిలి వెళ్ళను అని భావనకి చెప్పేశాను.

జూలై 14, సోమవారం

ఇప్పుడు దాని రాత కింద నేను రాస్తున్నాను.

పొద్దున లీడ్స్ బస్సు స్టేషన్ దగ్గర ఎక్కాం. ఇరవై ఆరుగురు, అందరూ తెల్ల జుట్టు వాళ్ళే. గైడు పేరు గ్లెనిస్, నా వయసే ఉంటుంది, పొట్టి మనిషి, టోపీకి గుడ్డపూలు. డ్రైవరు నా చేతిలో కుండీ చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. భావన అది నాకు తెలుగులో చెప్పబోయింది. అతను నవ్వి తెలుగులోకి దిగిపోయాడు.

"ఏంది ఆంటీ, గిది గూడ టూర్‌కి వస్తదా? టికెట్ తీస్కున్నరా దీనికి?"

పేరు ఫయాజ్. హైదరాబాద్ టోలీచౌకి నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడ్డాడట. కుండీ నా ఒళ్ళో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "బ్రేక్ ఏస్తే మీ మీద పడ్తది, ముండ్లు గుచ్చుకుంటయ్" అని, తన వెనకాల మెట్టు పక్కన ఒక బుట్టలో కూర్చోబెట్టి, తాడుతో కట్టాడు. బస్సెక్కే ముసలమ్మలందరూ దానికి గుడ్ మార్నింగ్ చెప్పారు.

మొదటి తోట యార్క్‌షైర్‌లోనే, ఎవరో జమీందారు గారి బంగళా. గడ్డి అంత నున్నగా కోసి ఉంటే నడవబుద్ధి కాలేదు. గ్లెనిస్ ఒక్కో చెట్టు దగ్గర ఆగి ఏవో లాటిన్ పేర్లు చెబుతుంటే అందరూ పుస్తకాల్లో రాసుకుంటున్నారు. కొన్ని మొక్కల్ని మా నర్సరీలో లారీలకి ఎత్తించాను. అక్కడ మేం పిలిచే పేర్లు వేరు. వాటిని వాళ్ళు తోటలో ముట్టుకోకుండా చూస్తున్నారు, మేం నెత్తిన మోసేవాళ్ళం. అదే మొక్క.

కిటికీ సీట్లో కూర్చున్నాను.

జూలై 15

చెషైర్‌లో పూల ప్రదర్శన. పెద్ద మైదానం నిండా గుడారాలు. తిరునాళ్ళలా ఉంది గాని అరుపులు లేవు. ఇక్కడ పూలకి కూడా పరీక్షలు పెట్టి మార్కులు వేస్తారు. తీగ బఠానీ పూలు తొమ్మిదేసి కాడలు ఒక సీసాలో నిలబెట్టి, కార్డు మీద మూడో బహుమతి అని రాసి ఉంటే, దాని పక్కన ఒకామె ముక్కు చీదుకుంటోంది.

"మూడోది వచ్చినందుకు ఏడుస్తుందా?" అన్నాను.

"మొదటిది రానందుకు" అంది భావన. "మా అమ్మ లెక్కనే. నాకు తొంభై మూడు వస్తే మిగిలిన ఏడు ఎక్కడ వోయినయ్ అనేది."

చాలా రోజులకి నవ్వొచ్చింది. నవ్వి, ఎందుకు నవ్వానా అని చుట్టూ చూశాను.

గులాబీల గుడారంలో మధ్యాహ్నమంతా తిరిగాం. మా గులాబీ లాంటిది ఎక్కడా లేదు. భావన ఫోన్లో ఫొటో చూపిస్తే ఒకాయన కళ్ళజోడు ఎత్తి చూసి, పాత రకం అయ్యుంటుంది, ఇప్పుడు ఎవరూ పెంచడం లేదు, పేరు నేను చెప్పలేను అన్నాడట.

అంటే ఇది పోతే ఇంకోటి కొనుక్కోవడానికి కూడా లేదు.

హోటల్ గదిలో కుండీని స్నానాల గదిలో పెట్టాను. పువ్వు పూర్తిగా విచ్చుకుంది. కొమ్మ కిందికంటా ముదిరింది, ముల్లు బొటనవేలితో నొక్కితే టక్కున విరిగింది. అలా విరిగితే ఆ కొమ్మలో కన్ను, అంటే ఆకుకాడ మొదట్లో దాగిన చిగురు, అంటుకి సిద్ధంగా ఉందని అర్థం. ఎంతమంది కూలీలకి నేర్పాను.

పువ్వు ఉండగా కన్ను తియ్యకూడదు. కొమ్మ బలమంతా పువ్వే తాగేస్తుంది. అది కూడా నేర్పాను.

రేపు చూద్దాం. ఇంకా తాజాగానే ఉంది కదా.

జూలై 16

వాన. ఏదో పల్లెటూళ్ళో రాతి ఇళ్ళ ముందు పూల తోటలు చూశాం. గొడుగులే ఎక్కువ కనిపించాయి.

పేజీ తిప్పాను. ఇక్కడ కూడా దాని రాత ఉంది.

"అమ్మ జడలో పువ్వు పెట్టాలి. తిట్టినా సరే. ఫొటో తియ్యాలి."

జూలై 16, మళ్ళీ

హెప్సికి పూల పిచ్చి లేదని జూన్‌లో రాశాను. అబద్ధం. కొట్టెయ్యబోయాను, మళ్ళీ వద్దులే అని ఉంచాను.

మా ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు, నగలు పెట్టుకోరు. నేను పెళ్ళయిన ఏడాది బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటి నుంచి ఊరందరి జడల కోసం పూల మొక్కలు పెంచాను గాని, నా జడలో పెట్టలేదు. నాకు అది కష్టం అనిపించలేదు. దానికి అనిపించింది.

ఏడో తరగతిలో ఒక ఆదివారం నా గంపలోంచి ఎర్ర గులాబీ తీసి జడలో పెట్టుకుని ప్రార్థనకి వచ్చింది. అందరూ చూశారు. పాస్టరమ్మ నవ్వి ఊరుకుంది. నేనే అందరి ముందూ చెంప మీద కొట్టాను. పువ్వు లాగితే నాలుగు వెంట్రుకలు కూడా వచ్చాయి. కాలితో తొక్కాను.

ఏడవలేదు అది. "సారీ అమ్మా" అంది. ఆ రోజు నుంచి మళ్ళీ పువ్వు వంక చూడలేదు. నేను చూడకుండా చూసిందేమో.

దానికి ఇష్టం లేదని ఇరవై ఏళ్ళు అందరికీ చెప్పాను.

జూలై 17, గురువారం

ఇవాళ జరిగింది అంతా రాయాలి.

చుట్టూ ఎత్తయిన ఇటుక గోడ, లోపల అంతా గులాబీలే. పడమటి వైపు ఎక్కడో, వేల్స్ సరిహద్దు దగ్గర అన్నారు. గ్లెనిస్ నిలబడి చెబుతోంది, భావన వింటోంది. నాకు ఇంగ్లీషు రాదు కనక పక్క మడి చూస్తున్నాను. వాడిపోయిన పూలు చాలా ఉన్నాయి. వాడినవి ఉంచితే కాయ కడతాయి, కాయ కడితే కొత్త మొగ్గ రాదు. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది. అయిదాకుల రెమ్మ చూసుకుని, దాని పైన గోటితో తుంచడం, కొంగులో వేసుకోవడం. ఒకటి, రెండు, ఆ మడి చివరిదాకా వెళ్ళిపోయాను.

వెనకాల నుంచి ఒక అరుపు. మెడలో బ్యాడ్జీ వేసుకున్న తోట ఆవిడ. ఏం అంటోందో తెలియలేదు గాని, వేలు నా కొంగు వైపు చూపించింది. బస్సు వాళ్ళందరూ తిరిగి చూశారు. పూలు కోస్తోంది అనుకుంది.

నాకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. అందరి ముందూ.

భావన పరుగెత్తుకొచ్చింది. ఇంగ్లీషులో ఏం అందో తెలియదు, మధ్యలో మాత్రం తెలుగు పడింది. "మా ఆంటీ ముప్పై ఏండ్లు జేసింది ఈ పని! నువ్వేంది చెప్పేది!" ఆవిడ తెలుగు అర్థమైనట్టే వెనక్కి ఒక అడుగు వేసింది.

ఈలోగా మోకాళ్ళకి రబ్బరు తొడుగులు కట్టుకున్న ఒక ముసలి తోటమాలి వచ్చాడు. పేరు నైజల్ అట. నా కొంగు విప్పమని సైగ చేశాడు. విప్పాను. ఒక్కొక్కటే తీసి, తుంచిన చోటు చూశాడు. తరవాత మడి దగ్గరికి పోయి కొమ్మలు చూశాడు. తిరిగి వచ్చి ఏదో అన్నాడు, ఆ బ్యాడ్జీ ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఏమన్నాడే?"

"ఒక్క మంచి పువ్వు కూడ లేదు అన్నడు ఆంటీ. ఇంకో రెండు మడులు మిగిలినయ్, వాటిని గూడ చేస్తరా అని అడుగుతుండు."

అప్పుడు అడిగాను. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "భావనా, అడుగు. అడవి గులాబీ మొక్క ఉందేమో అడుగు. అంటు కట్టడానికి. దాని వేళ్ళ మీద మన కన్ను బతుకుతుంది."

గోడకి అవతల వెనక పెరట్లో ఉన్నాయి, వరసలు వరసలు, కుండీల్లో కొన్ని. వాళ్ళు అంట్లు కట్టే కాలం కూడా ఇదేనట. ఫయాజ్ బస్సులోంచి మా కుండీ ఎత్తుకొచ్చాడు. నైజల్ దాన్ని చూసి, వేళ్ళు చూసి, తల అడ్డంగా ఊపాడు. మేస్త్రీలు ఏ దేశంలోనైనా ఒకటే, చచ్చిపోయేదాన్ని చూసి మాట్లాడరు.

ఒక అడవి గులాబీ కుండీ ఇచ్చాడు. మడత కత్తి కూడా తీసి ఇచ్చాడు.

ఇక కోయాలి.

పువ్వు అలా ఉంది. రెండు రోజులుగా రేపు, రేపు అనుకుంటున్నాను. హెప్సి మొక్కకి ఇదే ఆఖరి పువ్వు. కొయ్యకపోతే రెండు రోజుల్లో రాలుతుంది, దానితో పాటు కళ్ళు కూడా ఎండుతాయి. అంతా తెలుసు. తెలిసి కూడా కత్తి పట్టుకుని నిలబడ్డాను. భావన అటు తిరిగింది. ఫయాజ్ చెప్పులు చూసుకుంటున్నాడు.

కోశాను.

పువ్వు భావన చేతిలో పెట్టాను. తరవాత నా చేతులు నావి కావు, మేస్త్రీవి. ఆకులు కోసేసి కాడలు మాత్రం వేలెడు ఉంచాను. కొమ్మ మీద నాలుగు కళ్ళు. పైది లేత, అడుగుది ఎండింది. మధ్యలో రెండు మంచివి.

అడవి మొక్క బెరడు మీద జానెడు ఎత్తులో కత్తి పెట్టబోతే నైజల్ చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడ కాదట. కిందికి వంగి, మట్టి గోకి, వేరు మొదలయ్యే చోట చూపించాడు.

"అక్కడ కడితే కుళ్ళుతుంది అని చెప్పు. మాకు వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. అందుకే ఎత్తులో కడతాం."

భావన చెప్పింది. అతను ఇంకేదో చెప్పాడు.

"ఆంటీ, ఎత్తుల గడితే చలికాలం మంచుకి సస్తదంట. కిందికి ఉంటే మట్టి కప్పుతడంట. మట్టి దుప్పటి లెక్కనంట."

"ముప్పై ఏళ్ళు కట్టానని చెప్పు."

"ఆయన నలభై అంటుండు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మధ్యలో భావన అటూ ఇటూ తల తిప్పలేక, "ఇగో, రెండు కండ్లు ఉన్నయ్ కదా! ఒకటి మీది, ఒకటి ఆయనది. పంచాయతీ అయిపోయింది" అంది.

అలాగే చేశాం. జానెడు ఎత్తులో ఒకటి నా పద్ధతిలో, రొట్టె కవరు చించి ఆ పీలికతో కట్టాను. రెండోది అతను చెప్పినట్టు వంగి, మట్టి దగ్గర, అతనిచ్చిన రబ్బరు ముక్కతో. బెరడు కోసింది, కన్ను దూర్చింది, కట్టింది మాత్రం రెండూ నేనే. నడుము విరిగిపోయింది. నలభై ఏళ్ళుగా ఇలా వంగి కడుతున్నాడంటే పాపం అనిపించింది. ఆ మోకాళ్ళ తొడుగులు ఎందుకో అర్థమైంది.

వెళ్ళేటప్పుడు అతను మూడు వేళ్ళు చూపించాడు. మూడు వారాలు. నేను తల ఊపాను. అది మాకూ అంతే. మూడు వారాలకి ఆ ఆకుకాడని వేలితో తాకాలి. తాకగానే రాలితే కన్ను బతికినట్టు. ఎండిపోయి అంటుకుని ఉంటే చచ్చినట్టు.

మూడు వారాలంటే ఆగస్టు ఏడు. ఎనిమిదిన విమానం.

జూలై 18

తిరుగు ప్రయాణం. లెస్టర్‌లో ఆగి దోసె తిన్నాం. బస్సు వాళ్ళందరూ సాంబారు తాగి దగ్గారు, గ్లెనిస్ టోపీ తీసి విసురుకుంది.

భావన ఆ పువ్వుని తడి కాగితంలో చుట్టి దాచింది. ఇవాళ బస్సులో బయటికి తీసి నా చేతికిచ్చింది. ఇంకా వాడలేదు.

పదహారో తారీకు పేజీ తనకి చూపించాను. చదివింది. తన జడలోంచి ఒక పిన్ను తీసింది.

"వద్దమ్మా" అన్నాను. ఆ తరవాత తల వంచాను.

నా ముడిలో పెట్టింది. ముసలమ్మలు చప్పట్లు కొట్టారు, వాళ్ళకి ఏం తెలుసని. ఫయాజ్ అద్దంలో చూసి, "ఆంటీ సూపర్" అని హారన్ కొట్టాడు. భావన ఫొటో తీసింది. ఫొటోలో నా కళ్ళు మూసుకుపోయాయి. ఇంకోటి తియ్యనా అంటే, వద్దు, ఇదే ఉంచు అన్నాను.

ప్రభువు ఏమీ అనుకోడు. ఆయన చేసిన పువ్వే కదా. ఇరవై ఏళ్ళ కిందట ఈ మాట నాకు తట్టి ఉంటే.

లీడ్స్ వచ్చేదాకా తియ్యలేదు. ఇప్పుడు ఈ పుస్తకంలో పదహారో పేజీలో పెట్టాను, దాని రాత మీద.

జూలై 23

అడవి గులాబీ కుండీకి నీళ్ళు మూడు రోజులకి ఒకసారి. కొలిచి, టీ గ్లాసుడు. చెంబు భావన దాచేసింది.

జూలై 27, ఆదివారం

ప్రార్థనకి వెళ్ళాను. అందరూ చెయ్యి పట్టుకున్నారు. మొక్క గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 1

పైన కట్టినది, నా పద్ధతిది, నల్లబడింది. ఆకుకాడ ముడుచుకుపోయింది. వేలు పెట్టాను. రాలలేదు. గోటితో గీకితే గాని రాలేదు. లోపల కన్ను ఎండు మిరప గింజలా ఉంది.

చచ్చింది.

కిందది చూడలేదు. మూడు వారాలు అన్నాడు కదా.

ఆగస్టు 2

చూడలేదు.

ఆగస్టు 4

బట్టలు సర్దుతున్నాం. హెప్సి యూనిఫాం ఒకటి నాకు, ఒకటి భావనకి. మొక్క వైపు చూడకుండా దాని పక్క నుంచే పది సార్లు నడిచాను.

ఆయన ఫోన్ చేసి, "మొక్క ఎలా ఉంది?" అన్నారు. బాగానే ఉందండి అనబోయి ఆగాను. "రెండు కళ్ళు కట్టానండి. ఒకటి పోయింది. ఇంకోటి గురువారం తెలుస్తుంది" అన్నాను. నీళ్ళు పోసి చంపిన సంగతి కూడా చెప్పాను. "ఎక్కువ పోశావా" అన్నారు. "ఎక్కువే పోశానండి." "నేనైనా పోసేవాణ్ణే" అన్నారు.

ఆగస్టు 6

సమాధి దగ్గరికి వెళ్ళాం. అంతా ఒకే గడ్డి, మొక్కలు నాటనివ్వరు, కోసిన పూలు పెట్టుకోవచ్చు. ఇన్నాళ్ళూ అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే బెంగ. ఆ పిల్లకి చలి అంటే పడదు. లీడ్స్ వచ్చిన మొదటి చలికాలం ఫోన్లో పళ్ళు టకటకలాడిస్తూ మాట్లాడేది. చలిమట్టిలో పెట్టి వెళ్ళిపోతున్నానని.

ఇవాళ ఆ తోటమాలి దుప్పటి మాట గుర్తొచ్చింది. వంగి గడ్డి మీద చెయ్యి పెట్టాను. పైన గాలి చల్లగా ఉంది. గడ్డి వేళ్ళ దగ్గర మట్టి వెచ్చగానే ఉంది.

ఆగస్టు 7, గురువారం

పొద్దున ఆరు గంటలకే లేచాను. భావన నైట్ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగాను. యూనిఫాంతోనే వచ్చి నేల మీద కూర్చుంది. కుండీ మధ్యలో పెట్టుకున్నాం.

"మీరే ముట్టండి ఆంటీ."

"నువ్వు ముట్టు. వచ్చే ఏడాది చూసుకునేది నువ్వే కదా."

"నాకు భయం."

"నాకు మాత్రం కాదా?"

మట్టి కొంచెం పక్కకి జరిపాను. ఆకుకాడ పసుపు రంగులో ఉంది. ముడుచుకోలేదు. చూపుడు వేలితో తాకాను. గట్టిగా కాదు. నిద్రపోయే పిల్ల బుగ్గ మీద చీమని తీసినట్టు.

రాలింది.

దాని కింద కన్ను ఆకుపచ్చగా, పెసర గింజంత ఉబ్బి ఉంది.

భావన, "ఏమైంది, రాలిపోయింది! అయ్యో రాలిపోయింది ఆంటీ!" అని ఏడుపు మొదలుపెట్టింది. రాలాలే పిచ్చిపిల్లా, రాలితేనే బతికినట్టు అని చెప్పేసరికి నాకూ ఆగలేదు. ఇద్దరం కుండీకి అటూ ఇటూ కూర్చుని ఏడ్చాం, మధ్యలో నవ్వాం. కింద ఫ్లాటు ఆవిడ వచ్చి తలుపు తట్టింది, అంతా బాగానే ఉందా అని.

బాగానే ఉంది అని నేనే చెప్పాను. ఇంగ్లీషులో. ఈసారి నిజమే.

రాలిన ఆకుకాడని కూడా జూలై పదహారో తారీకు పేజీలో పెట్టాను.

ఆగస్టు 8

మధ్యాహ్నం విమానం. ఫయాజ్ తన కారులో దింపుతానన్నాడు, కింద ఉన్నాడు.

ఈ పేజీలో హెప్సి ఏమీ రాయలేదు. నా విమానం తారీకు దానికి తెలియదు కదా. అందుకని నేను రాస్తున్నాను.

పుస్తకం నాతో తీసుకెళ్తున్నాను. చివర ఉన్న ఖాళీ కాగితం ఒకటి చింపి, దాని మీద రాసి, భావన ఫ్రిజ్‌కి అంటించాను. అదే ఇక్కడ మళ్ళీ రాసుకుంటున్నాను, నాకూ గుర్తుండాలని.

భావనా,

ఈ చలికాలమంతా కన్ను నిద్రపోతుంది. కదలడం లేదని బెంగ పడకు, తవ్వి చూడకు. మట్టి కప్పి ఉంచు.

ఫిబ్రవరి ఆఖరున కన్నుకి పైన రెండు వేళ్ళ ఎత్తు వదిలి, అడవి మొక్క తలంతా కోసెయ్యి. అప్పటికి చిగుళ్ళు వేస్తుంటుంది, చూస్తే జాలేస్తుంది. అయినా కొయ్యి. అది పోతేనే మన కన్ను లేస్తుంది. చెయ్యి వణికితే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

మొదటి పువ్వు నీ జడలో పెట్టుకో. రెండోది హెప్సికి.

నీళ్ళు తక్కువ పొయ్యి.